నాన్నగారు రుచి చూసిన ఇసక

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, కాఫీ కలుపుకుని పేపరు విప్పితే లోపలి పేజీలో ఒక వార్త కనబడింది. ఎక్కడో పెద్ద నగరంలో ఎవరో పరిశోధకులు, ఊక బూడిద కలిపిన కాంక్రీటు ఉప్పుగాలికి బాగా తట్టుకుంటుందని కొత్తగా కనిపెట్టారట. ఆ ‘కొత్తగా’ అన్న మాట దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ చదివాను. మాట మారలేదు. కాఫీ మాత్రం చల్లారిపోయింది. వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా నేను అడ్డం పెట్టుకునే కాంక్రీటు దిమ్మ ఒకటుంది, దాని వైపు చూశాను. దానికి నలభై ఏళ్ళు దాటాయి. దాన్లో ఉన్నది ఊక బూడిదే.

నా ఈడువాళ్ళు, అందులోనూ ఆ రోజుల్లో సర్కారు ఆఫీసుల్లో ఫైళ్ళు మోసినవాళ్ళు, నా కడుపుమంట అర్థం చేసుకుంటారని ఇది రాస్తున్నాను. మా పేరు పేపర్లో పడలేదని కాదు నా బాధ. అంతకన్నా పెద్దది ఒకటుంది, అది చెప్పాలంటే మా నాన్నగారి నాలిక దగ్గర మొదలుపెట్టాలి.

మా తాతగారు ఉప్పలగుప్తం దగ్గర ఒక రైతు కమతంలో పాలేరు. నాన్నగారు ఆ చాకిరీ వద్దనుకుని ఒక ముసలి మేస్త్రిగారి దగ్గర తాపీ పని నేర్చుకున్నారు. ఆ ముసలి మేస్త్రిగారంటే, కాట్రేనికోన అవతల తీరాన ఉన్న జాలరిపేటలో గుల్ల సున్నంతో చర్చి కట్టినాయన. గుల్లలు కాల్చిన సున్నాన్ని ఎద్దుల గానుగలో రోజుల తరబడి ఆడించి, అందులో మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద, అదీ నల్లది కాదు, బాగా కాలి తెల్లబడిన బూడిద, మెత్తగా నూరి కలిపేవారట. నాన్నగారు ఆయన దగ్గర నేర్చుకున్న రెండో విద్య ఇసక రుచి చూడడం. బండి ఇసక దిగగానే పోగు అడుగు నుంచి చిటికెడు తీసి నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, ఉమ్మేసి, పనికొస్తుందో రాదో చెప్పేవారు. అమ్మ ఆయన్ని ఆటపట్టించేది, ఇంట్లో పులుసులో ఉప్పు ఎక్కువైతే తెలియదు గాని వీధిలో ఇసక ఉప్పు మాత్రం తెలుస్తుందని.

ఆ నాలికతో సంపాదించిన డబ్బుతోనే నన్ను మిషను బళ్ళో చదివించి, కాకినాడలో సివిలు డిప్లమో చేయించారు. డెబ్బైల మధ్యలో అమలాపురంలో ఒక సర్కారు ఆఫీసు వెనక రెండు గదుల ప్రయోగశాలలో నాకు ఉద్యోగమైంది. చేత్తో పంపు కొడితే కాంక్రీటు దిమ్మల్ని నలగ్గొట్టే యంత్రం ఒకటి, నీళ్ళ తొట్టి ఒకటి, కాలు విరిగిన బల్ల ఒకటి, అంతే ఆ ప్రయోగశాల. ఎక్కడ సర్కారు కట్టడం జరిగినా, అక్కడ పోసిన కాంక్రీటుతో జానెడైనా లేని దిమ్మలు చేసి, ఇరవై ఎనిమిది రోజులు నానబెట్టి మాకు పంపాలి. మేము నలగ్గొట్టి, ఎంత బరువుకి నలిగిందో చూసి, కట్టడం గట్టిదో కాదో రాసివ్వాలి. మా అమ్మాయి సంతకం పెడితేగాని బిల్డింగు లేవదని నాన్నగారు బస్సులో పక్కవాళ్ళకి చెప్పుకునేవారు. నేను సిగ్గుపడుతున్నట్టు నటించేదాన్ని.

మా ఇంజనీరు గారు మెట్ట ప్రాంతం మనిషి, బక్కపలచగా, ఎప్పుడూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఉండేవారు. సముద్రం పక్కన కట్టిన కట్టడాలు అయిదారేళ్ళకే ఎందుకు పగులుతున్నాయన్నది ఆయన్ని వేధించిన ప్రశ్న. ఇసకలో ఉప్పుంటే లోపలి ఇనుప చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని లోపలి నుంచి పగలగొడుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్నదే. దానికి మందేమిటన్నది మా ప్రాంతానికి తగ్గట్టు ఎవరూ రాయలేదు. ఒకరోజు నాకు క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన నాన్నగారు బల్ల మీది ఇసక యథాలాపంగా నోట్లో వేసుకోవడం చూసి, ఇంజనీరు గారు కుర్చీ వేసి కూర్చోబెట్టి అదేమిటని అడిగారు.

“మా గురువుగారు నేర్పేరండి. ఉప్పిసకతో కట్టిన గోడ మూడో వర్షాకాలానికి చెమ్మ కక్కుద్దండి, ఆయ్.”

ఆ మాట మీద మా పరిశోధన మొదలైంది. పరిశోధన అంటే నవ్వకండి, మాకు పైసా మంజూరు లేదు. నాన్నగారు బూడిద జల్లించి, పాత గానుగలో మెత్తగా ఆడించి తెచ్చారు. కడిగిన గోదావరి ఇసకతో కొన్ని, ఉప్పుటేటి ఇసకతో కొన్ని, బూడిద కలిపి కొన్ని, కలపకుండా కొన్ని దిమ్మలు పోసి, ఒక్కోదాని కడుపులో వేలెడు చువ్వముక్క పెట్టి, ఉప్పుటేటి రేవులో తాడి దుంగలకి కట్టి, ఆటూ పోటూ తగిలేలా వేలాడదీశాం. మూడు నెలలకొకసారి నేను కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మోకాటి లోతు నీళ్ళలో దిగి కొన్నిటిని విప్పి తెచ్చేదాన్ని. ఇంజనీరమ్మ రాళ్ళు నానబెడుతోంది, ఉడికాక మనకీ పెడుతుందేమోనని రేవులో పడవలవాళ్ళు నవ్వేవారు.

మూడేళ్ళు గడిచేసరికి సంగతి తేటతెల్లమైంది. ఉప్పుటేటి ఇసకతో పోసినవాటిలో బూడిద కలిపినా కలపకపోయినా చువ్వ ఎర్రగా పొరలు కట్టింది. మంచి ఇసకైనా బూడిద లేనివాటిలో చువ్వకి తుప్పు మచ్చలొచ్చాయి. కడిగిన మంచి ఇసకలో బూడిద కలిపిన దిమ్మల్లో మాత్రం చువ్వ పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ముందు ఇసక కడగాలి, తర్వాత బూడిద కలపాలి, రెంటిలో ఏది వదిలేసినా లాభం లేదు. ఇంజనీరు గారు ఇదంతా రిపోర్టు రాసి, ఆ ఆలోచన ఫలానా తాపీ మేస్త్రిగారిదని నిజాయితీగా అందులో పెట్టి పైకి పంపారు.

అయిదు నెలలకి రిపోర్టు తిరిగొచ్చింది. ఊక బూడిద రేట్ల షెడ్యూలులో లేదు కాబట్టి పరిశీలించనక్కరలేదని ఒక వాక్యం. నాన్నగారి ప్రస్తావన ఉన్న చోట ఎర్రసిరాతో గీత కొట్టి, మేస్త్రి నాలిక ప్రమాణం కాదని పక్కన ఇంకో వాక్యం. మూడేళ్ళ చాకిరీకి రెండు వాక్యాలు. ఆ ఎర్రసిరా పెట్టిన పెద్దమనిషి ఒక్కసారైనా మా రేవు దాకా వచ్చి చూడలేదు. ఆ తర్వాత ఇంజనీరు గారికి బదిలీ అయింది. వెళ్ళేముందు మిగిలిన బూడిద దిమ్మల్లోంచి ఒకటి నా చేతికిచ్చి, దాచుకోమ్మా, ఎప్పటికైనా అడుగుతారన్నారు. ఎవరూ అడగలేదు.

పెద్ద తుఫాను తర్వాత తీరం పొడుగునా షెల్టర్లు కట్టించడం మొదలుపెట్టారు. నేను చెప్పిన ఆ జాలరిపేటకి కూడా ఒకటి వచ్చింది. కంట్రాక్టరు తాపీ పని నాన్నగారికి అప్పగించాడు. తుఫానొస్తే పేట పేటంతా ఎక్కి ప్రాణాలు దక్కించుకోవలసిన కట్టడం కదా అని ఆయన దాన్ని చర్చి పనంత భక్తిగా మొదలుపెట్టారు. ఇసక వచ్చింది, రుచి చూశారు, ఉప్పగా ఉంది. పక్కనున్న ఉప్పుటేటి ఇసకే తోలించారు మరి. ఆయన పేట ఆడవాళ్ళ సాయంతో కాలవ మంచినీళ్ళు మోయించి, ఇసక కడిగించి, సొంతంగా తెచ్చిన బూడిద కలిపి, సముద్రం వైపు నాలుగు స్తంభాలు పోశారు. అయిదో స్తంభం దగ్గరికొచ్చేసరికి, ఇలా కడుగుతూ కూర్చుంటే ఏడాదైనా తేలదని కంట్రాక్టరు ఆయన్ని తప్పించి వేరే మేస్త్రిని పెట్టాడు. పని పుస్తకంలో మాత్రం పేరు నాన్నగారిదే ఉంచాడు.

ఆ షెల్టరు తాలూకు దిమ్మలు నా దగ్గరికి వచ్చాయి. పంపు కొట్టి కొట్టి నా భుజాలు లాగాయిగాని అవి ఓ పట్టాన నలగలేదు. నాన్నగారు అనవసరంగా అనుమానపడ్డారనుకుని, సంతోషంగా సంతకం పెట్టి, సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పాను.

“టెస్టు పాసైపోయింది నాన్నగారూ. మీరు ఊరికే కంగారు పడకండి.”

ఆయన అన్నం కలుపుకుంటున్న చెయ్యి ఆపారు.

“ఆ దిమ్మ ముక్కలు ఎక్కడ పోసేరో కనుక్కున్నావామ్మా?”

నేను కనుక్కోలేదు. చదువుకున్నదాన్ని, కళ్ళముందు యంత్రం ముల్లు చూసినదాన్ని, నాకు కనుక్కోవలసిన పనేముందనుకున్నాను. అసలు ఆ ప్రశ్నే నాకు చాదస్తంగా తోచింది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి రావడం లేదు.

ఏడేళ్ళు తిరక్కుండానే, ఎనభైల మధ్యలో, ఆ వేరే మేస్త్రి పోసిన స్తంభాలు పగిలి చువ్వలు బయటపడ్డాయి. మెట్ల మీది స్లాబు పెచ్చులు ఊడింది. ఒక మధ్యాహ్నం తుఫాను హెచ్చరికతో మైకు బండి వచ్చి అందర్నీ షెల్టరులోకి వెళ్ళమంటే, పేట జనం దాని వైపు ఒక చూపు చూసి, పిల్లల్నీ ముసలివాళ్ళనీ తీసుకుని ఆ పాత గుల్ల సున్నం చర్చిలోకి వెళ్ళారు. మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి. దేవుడి దయవల్ల, ఆ ముసలి మేస్త్రిగారి చేతి చలవవల్ల, గోడ కదల్లేదు, మనుషులు దక్కారు.

అప్పుడు విచారణ వేశారు. వేసి ఏం తేల్చారయ్యా అంటే, కాంక్రీటు దిమ్మలు ప్రయోగశాలలో చక్కగా పాసైనందున సరుకులో లోపం లేదు, కాబట్టి లోపం తాపీ మేస్త్రి పనితనానిదే. కింద ఋజువుగా జతచేసిన కాగితం మీద సంతకం నాది. నా సంతకంతోనే మా నాన్నగారిని దోషిని చేశారు.

అప్పుడు, అంత ఆలస్యంగా, నేను వెళ్ళి దిమ్మలు తెచ్చి ఇచ్చే కంట్రాక్టరు మనిషిని అడిగాను. అతను దాచలేదు, దాచాలని కూడా అతనికి తోచలేదు.

“ఇక్కడే అమలాపురం షెడ్డులో పోసేవోళ్ళమండి, ఆయ్. మంచి గోదారిసకతోనేనండి. అక్కణ్ణించి పడవలో మోసుకొస్తే అంచులిరిగిపోతాయ్ కదండి. అందరం అంతేనండి.”

అందరూ అంతే. అది మోసమని వాళ్ళెవరూ అనుకోలేదు, అది పద్ధతి. అన్నేళ్ళూ నేను నలగ్గొట్టిన దిమ్మల్లో ఎన్ని నిజంగా ఆ కట్టడాలవో నాకు తెలియదు. పెట్టేవాడు ముస్తాబు చేసి ముందు పెట్టిన ముక్కని పరీక్షించి, దాని బలాన్ని అది లేని గోడకి అంటగట్టి సంతకాలు పెట్టాను. చదువుకున్నందుకు నన్ను చూసి నాకే ఒళ్ళు మండిపోయింది.

పగిలిన స్తంభాల ముక్కలు తెచ్చి, నూరి, నీళ్ళలో కలిపి సిల్వరు నైట్రేటు చుక్కలు వేశాను. ఉప్పుంటే తెల్లగా పాలలా మారుతుంది, మారింది. నాన్నగారు పోసిన నాలుగు స్తంభాలు ఒక్క బీట లేకుండా నిలబడి ఉన్నాయని, వచ్చి చూడమని విచారణాధికారికి రాసుకుని, స్వయంగా వెళ్ళి చెప్పాను. ఆయన ఎంతో మర్యాదగా విని, మీరు మేస్త్రి కూతురు కాబట్టి మీ మాట సాక్ష్యంగా పనికిరాదండీ అన్నారు. సంతకం పెట్టిన రోజున నేను ఎవరి కూతురినో ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత నాన్నగారికి సర్కారు పని దొరకలేదు. నూతి గట్లూ, అరుగులూ కట్టుకుంటూ గడిపారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. ఎనభైల చివర ఆ షెల్టరు పడగొడుతున్నారని తెలిసి ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. మిగతాదంతా పూట గడవకుండా నేలమట్టమైంది. సముద్రం వైపు నాలుగు స్తంభాల దగ్గర మాత్రం కూలీలు సమ్మెటలు మార్చుకుంటూ సాయంత్రం దాకా చెమటలు కక్కారు. ఆయన దగ్గరికి వెళ్ళి, విరిగిన చోట మెరుస్తున్న చువ్వని బొటనవేలితో రుద్ది చూసుకుని, పోదాం పదమ్మా, బస్సెళ్ళిపోద్దన్నారు. ఎర్రసిరా పెట్టిన పెద్దమనిషికి ఆ చువ్వ చూపించాలని నా ప్రాణం కొట్టుకుపోయింది.

మొన్న పేపరు చదివిన కోపంలో ఊరుకోలేక, ముమ్మిడివరం అవతల తీరం దగ్గర కొత్త షెల్టరు కడుతున్నారంటే ఆటో కట్టించుకుని వెళ్ళాను. అక్కడి కుర్ర ఇంజనీరు చాలా మంచివాడు. కుర్చీ వేయించి, కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చాడు. ఇప్పుడు యంత్రాలన్నీ కంప్యూటరుకి కలిపే ఉంటాయనీ, ఫోటోలతో సహా రిపోర్టు ఫోనులోకే వస్తుందనీ చూపించాడు. నేను ఒకటే అడిగాను, ఆ ముక్కలు ఎక్కడ పోశారు బాబూ అని.

“అవి కంట్రాక్టరుగారోళ్ళే పోసి పంపించేస్తారండి మామ్మగారూ. మాకు రిపోర్టొచ్చేత్తే చాలండి.”

లేచి వెళ్ళి ఇసక పోగు అడుగు నుంచి చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాను. ఆ అబ్బాయి కంగారుపడి, తర్వాత నా ముఖం చూసి, తనూ చిటికెడు తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

“ఉప్పగానే ఉందండి. కానీ రిపోర్టులో లేదు కదండి.”

అతని మీద అరుద్దామనే నోరు తెరిచాను. సరిగ్గా అదే వయసులో, అన్నం కంచం ముందు కూర్చున్న మా నాన్నగారితో నేనన్న మాట అదే. ఇన్నేళ్ళలో యంత్రాలు మారాయి, షెడ్యూళ్ళు మారాయి, ఊక బూడిద పేపరుకెక్కింది. ఇసక రుచి చూసి, పనికిరాదని చెప్పే మేస్త్రి మాత్రం ఆ పోగు చుట్టుపక్కల ఎక్కడా కనబడలేదు. అందుకని ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుని మెల్లగానే చెప్పాను, రేపు స్తంభం పోసేటప్పుడు నువ్వు దగ్గరుండి, ఆ స్తంభానికి కలిపిన మాలులోంచే నీ చేత్తో పరీక్షకి ఒక ముక్క పొయ్యి బాబూ అని. ఆయ్ అన్నాడు. పోస్తాడో లేదో నాకు తెలియదు.