నువ్వుల నూనె తాగిన క్లచ్చు

మా బావ పోయాడన్న కబురు లక్సెట్టిపేట నుంచి పొద్దుటి బస్సు డ్రైవరు తెచ్చాడు. మంచిర్యాలలో నా దర్జీ దుకాణం ముందు బస్సు ఆపి, కిందికి దిగకుండానే చెప్పాడు. రాత్రి అన్నం తిని, పెరట్లో జీపు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి పడుకున్నాడట, తెల్లారి లేవలేదట. నేనప్పుడు ఎవరిదో పెళ్లి లాగు కుడుతున్నాను. ఆ గుడ్డ ఎక్కడ పడేశానో ఇప్పటికీ దొరకలేదు. ఆ పెళ్లికొడుకు పాత లాగుతోనే పీటల మీద కూర్చున్నాడు. ఈ సంగతి బావ విని ఉంటే కనబడ్డ వాడికల్లా చెప్పి పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

పోయినవాళ్లను పొగడాలంటారు. మా అక్క పెనిమిటిని పొగడటం నాకు చేతకాదు. మనిషి బంగారమే, కానీ ఒట్టి మొండివాడు. తనకు తెలియని పనిని తెలిసినంత ధైర్యంగా చేసేవాడు. పోలీసు చర్య జరిగిన కొన్నేళ్లకు, మిలిటరీ వాళ్లు వదిలేసిన పాత జీపు ఒకటి అమ్మకానికి వచ్చిందని విని, ఇంట్లో ఎవరినీ అడగకుండా జోడెడ్లనూ బండినీ అమ్మి దాన్ని కొన్నాడు. అది ఇంటికి తన కాళ్ల మీద రాలేదు. ఎవరివో ఎడ్లు కట్టి లాక్కొచ్చారు. ఆ ఎడ్లు బావ అమ్మినవేనని మా అక్క దూరం నుంచే గుర్తుపట్టింది.

ఇంకేముంది! బతుకమ్మ పండుగ పేరు చెప్పి, పెట్టె సర్దుకుని మా ఊరు వచ్చేసింది. పండుగకు ఆడబిడ్డ పుట్టింటికి రావడం మామూలే కదా అని మా అవ్వా బాపూ మురిసిపోయారు. మూడో నాడు గాని అసలు సంగతి బయటపడలేదు. నన్ను పిలిచి, పూలు పేరుస్తూనే చెప్పింది.

"ఎడ్లనమ్మి ఇనుము కొన్నడు మీ బావ. గా ఇనుము దసరనాడు పొద్దుగూకేలోపు మన వాకిట్లకు రావాలె. వస్తె పోత. రాకుంటె గా ఇనుముతోనే కాపురం చేసుకొమ్మను."

మా అక్క మాట అంటే మాటే. చిన్నప్పుడు నా మీద అలిగి ఏడాది పాటు నాతో మాట్లాడని మనిషి. ఆ ఇనుము సంగతేమిటో చూసి రమ్మని నన్నే లక్సెట్టిపేట పంపింది.

వెళ్లేసరికి బావ జీపు కింద ఉన్నాడు, కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అక్క పెట్టిన షరతు ఆ కాళ్లకే చెప్పాను. బావ బయటికొచ్చి, ఇంజను గుర్రంలా ఉందనీ, ఆ బలాన్ని పట్టుకుని చక్రాలకు అందించే క్లచ్చు ప్లేటు మాత్రం అరిగి అప్పడమైందనీ చెప్పాడు. కొత్తది హైదరాబాదులో కూడా దొరకడం కష్టమట. పాతది ఎక్కడైనా చూసి బిగించుకోవాలట.

"బామ్మర్దీ, నీ టేపు తెచ్చినవా?" అన్నాడు. దర్జీ మెడలో టేపు లేకుండా ఎక్కడికి పోతాడు!

మంచిర్యాల స్టేషను వెనక కబాడీ దుకాణంలో తుక్కు ఇనుప గుట్ట ఎక్కి కూర్చున్నాం. రవికెల కొలతలు తీసే నా టేపుతో గుండ్రటి ప్లేట్లను కొలిచాడు బావ. ఎనిమిదిన్నర అంగుళాలు ఉండాలి. మొదట నచ్చింది లారీది, జీపులో పట్టనే పట్టదు. అయినా దాన్ని వదలబుద్ధి కాక చాలాసేపు చంకలో పెట్టుకు తిరిగాడు. చివరికి కొలతకు సరిపోయేది ఒకటి దొరికింది. నడిమి రంధ్రంలోని పళ్లు, తాను వెంట తెచ్చిన పాత ప్లేటు పళ్లతో సరిపోయాయి. పైపట్టీలో బిగించిన రివిట్ల తలల దాకా గోరు దిగింది, అంటే పట్టీ ఇంకా అరగలేదన్నమాట. బండ మీద దొర్లిస్తే వంకర పోలేదు. ఆఖరున ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మాడు వాసన లేదట. కబాడీ సాహెబు అది చూసి, ఇనుము కొంటున్నారా ఖర్బూజా కొంటున్నారా అని అడిగాడు.

ప్లేటును సరిగ్గా నడిమధ్యన నిలపకపోతే గేరు డబ్బా షాఫ్టు లోపలికి దూరదు. అలా నిలపడానికి లావుపాటి గుండ్రటి కర్ర కావాలి. బావ తన తల్లి కవ్వాన్ని కోసి, చెక్కి, కొలతకు తెచ్చాడు. కోడలు తిరిగొస్తుందంటే ఆమె రోకలి కూడా ఇచ్చేది. ఆ వారమంతా గరిటెతో మజ్జిగ చిలికింది, మేం వెన్న ముద్దలతో సహా తాగాం.

క్లచ్చు పెడలు విషయంలో బావకు ఒక పట్టింపు. కాలు పెట్టగానే పట్టుకోకూడదు, రెండు వేళ్ల మందం ఊరికే దిగాలి, ఆ తర్వాతే పని మొదలవ్వాలి. "సంసారంల గూడ గట్లనే బామ్మర్దీ, జర ఆట ఉండాలె. బిర్రుగ బిగిస్తె కాలుతది" అన్నాడు. భార్య పుట్టింట్లో అలిగి కూర్చున్న మనిషి సంసారం గురించి చెబుతుంటే నాకు నవ్వాగలేదు.

మహర్నవమి నాడు ప్లేటును శుభ్రంగా తుడిచి, పీట మీద పెట్టి, మేం స్నానానికి వెళ్లాం. వచ్చేసరికి బావను కన్న ముసలమ్మ ఆయుధ పూజ ముగించింది. నాగలి, కొడవళ్లు, గొడ్డలి, వాటి పక్కన క్లచ్చు ప్లేటు, అన్నిటికీ పసుపు, కుంకుమ. బొట్టు చూసి బావ మురిసిపోయాడు, తుడవబుద్ధి కాలేదట. బొట్టుతోనే బిగించేశాడు.

దసరా మధ్యాహ్నం బయలుదేరాం. కోడలిని తానే పిలుచుకొస్తానని ముసలమ్మ వెనక సీటులో ఎక్కింది. సాపు రోడ్డు మీద జీపు పెళ్లిగుర్రంలా నడిచింది. బావ ఈల వేశాడు కూడా. మా ఊరికి ముందొక వాగు ఉంది. వాగులో దిగింది, నీళ్లు దాటింది, అవతలి గడ్డ ఎక్కబోయి ఆగిపోయింది. ఇంజను అరుస్తోంది, చక్రాలు కదలవు. కింది నుంచి పొగ లేచింది. ఆ పొగ వాసన చూస్తే నాకు ఆకలి వేసింది. ఎవరో దగ్గరలో గారెలు వేయిస్తున్నారనుకున్నాను.

బావ ముక్కు ఎగబీల్చి, మెల్లగా వెనక్కి తిరిగాడు.

"అవ్వా, గా ప్లేటుకు నూనె గిట్ల రాసినవా?"

"రాయకుంటె ఎట్ల బిడ్డా? నాగలికి రాసిన, కొడవలికి రాసిన. దానికొక్కదానికి రాయకుంటె చిన్నబోదా? కొత్తగ వచ్చింది, మంచిగ మర్దన జేసి తుడిచిన."

ఇనుప సామానుకు నూనె పెడితే తుప్పు పట్టదని మా వైపు ఏ ముసలమ్మకైనా తెలుసు. నూనె అంటకూడని ఇనుము ఒకటుంటుందని ఎవరు చెప్పారు గనక! పట్టీ ఆ నువ్వుల నూనెనంతా తాగేసింది, జారుతోంది.

పొద్దు వాలుతోంది. బావ తిడతాడనుకున్నాను. గడ్డ మీద కూలబడి, కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వాడు. అందులో కొన్ని నవ్వువి కావని నాకు తెలుసు. "మీ అక్క రాదురా ఇగ" అన్నాడు. ఆ మనిషి నోట ఓటమి మాట వినడం నాకు అదే మొదలు.

ముసలమ్మే లేచింది. వాకిట్లో నూనె ఒలికితే తానేం చేస్తుందో చెప్పింది. ముగ్గు పిండి చల్లుతుందట, అది నూనెను పీల్చేస్తుందట. బావ వెంటనే నన్ను పక్క పల్లెకు పరుగెత్తించాడు. దసరానాడు ముగ్గు లేని ఇల్లు ఏది? చేట నిండా తెచ్చాను. క్లచ్చు డొప్ప అడుగున చిన్న మూత ఉంది. అది విప్పి, నేను పెడలు తొక్కిపట్టి ఉంటే, తాను కింద పడుకుని గుప్పెడు గుప్పెడు లోపలికి ఊదాడు. సగం ప్లేటుకు పట్టింది, సగం తన ముఖానికి.

జీపు గడ్డ ఎక్కింది. వెనక తెల్లటి పొగ.

జమ్మికి బయలుదేరిన జనమంతా ఆగి మమ్మల్నే చూశారు. అంత చేసీ, మా వాకిలి ఇంకా పది గజాలు ఉందనగా ముగ్గు పని అయిపోయింది, జీపు నిలిచిపోయింది. అక్క గడపలో నిలబడి ఉంది. ముగ్గురం పిండిలో పొర్లిన ఎలుకల్లా ఉన్నాం. బావ స్టీరింగు పట్టుకుని తల దించుకున్నాడు.

అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని వచ్చింది. జీపు వెనక్కి వెళ్లి రెండు చేతులూ ఆనించింది.

"వాకిట్లకు రావాలన్న గని, ఎవలు నూకాలెనో నేను చెప్పలే" అంది.

ఆ తర్వాత ఆ జీపు మీద ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని పురుళ్లు నడిచాయో! బావ ప్రతి దసరాకూ దానికి పూజ చేసేవాడు. నూనె గిన్నె మాత్రం ఆ రోజంతా అటక మీదే.

నేను వెళ్లేసరికి బావను వాకిట్లో పడుకోబెట్టారు. ముసలమ్మ పోయి చాలా ఏళ్లయింది. స్నానానికి ముందు తలకు నూనె పెట్టాలని పెద్దవాళ్లు గిన్నె తెచ్చారు. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న అక్క నోరు తెరిచింది.

"జర తక్కువ పెట్టుండ్రి. నూనె పడితె ఆగడు, జారిపోతడు."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను, సిగ్గుపడలేదు.

పాడె ఎత్తారు. ఆడవాళ్లు గడప దగ్గరే ఆగిపోయారు. అక్క ఒక్కతే దిగి వచ్చింది. కుచ్చిళ్లు దోపుకుంది. పాడె వెనక వెదురుకు రెండు అరచేతులూ ఆనించి, వాకిలి దాటేదాకా నూకింది.