నవ్వుతూ ఇస్తేనే ఇల్లు

ఆ రోజుల్లో ధనవంతుడు కావడమన్నది నాకు చాలా తేలికైన పనిగా కనబడేది. కానివాళ్లంతా కేవలం బద్ధకం వల్ల మానేశారని నా గట్టి నమ్మకం. ఏలూరులో పంపుసెట్లు అమ్మే షాపులో సేల్స్ కుర్రాడిని. నెలకోసారి జీతమని ఓనరుగారు పిలిచే వస్తువొకటి నాకు దూరం నుంచి కనబడి, దగ్గరకొచ్చేలోపు మాయమైపోయేది. అందుచేత మా అక్క మొగుడు, అంటే మా బావ, నన్ను తన కొత్త వ్యాపారంలో భాగస్వామిని చేసుకుంటానన్నప్పుడు నేను ఆలోచించడానికి తీసుకున్న సమయం తుమ్ముకి పట్టేదానికన్నా తక్కువ.

బావది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ వ్యాపారం. ఆయన గదిలోకి రాగానే అందరి కళ్లూ చెమర్చేవి. అది తనమీద అభిమానమని ఆయన అనుకునేవారు. అలాంటి మనిషి ఒక ఆదివారం విజయవాడలో ఏదో హోటల్లో జరిగిన క్లాసుకి వెళ్లొచ్చారు (భోజనంతో సహా; లేకపోతే వెళ్లేవారు కాదు). బ్యాంకు అప్పు తీర్చలేని వాళ్ల ఇంటికి బ్యాంకువాళ్లు నోటీసు అంటిస్తారట, పేపర్లో కూడా వేస్తారట. ఆ నోటీసుకీ వేలంపాటకీ మధ్య కొంత వ్యవధి ఉంటుందట. ఆ సందులో మనం దూరి, ఓనరుతో ధర మాట్లాడుకుని, బ్యాంకు బాకీ కట్టేసి, మిగిలింది ఆయన చేతిలో పెడితే, బజారు ధరకన్నా చవగ్గా ఇల్లు మనదవుతుందట. ఓనరుకి వేలం పరువు తక్కువ తప్పుతుంది, బ్యాంకుకి డబ్బొస్తుంది, మనకి ఇల్లొస్తుంది. "ఉల్లిపాయల్లో ఇది మనకి ఎప్పట్నించో తెలిసిందేరా. వాన పడేలోపు అమ్ముకోవాల్సినవాడి బస్తా ఎప్పుడూ చవకే," అన్నారు బావ. నాకు ఒళ్లు పులకరించింది. కారు ఏ రంగుది కొనాలా అని ఆ రోజే ఆలోచించడం మొదలెట్టాను.

అక్క ఇదంతా చింతపండు పిసుకుతూ విని, చెయ్యి కడుక్కుని, తీర్పు చెప్పింది. "కొనండి, నేను కాదనను. కానీ ఆ ఇల్లాలు నవ్వుతూ ఇస్తేనే నేనా గడప తొక్కేది. ఏడిపించి తీసుకున్న ఇంట్లో పాలు పొంగవండీ, ఉసురు పొంగుతుంది." బావ జీవితంలో రెండింటికే భయపడ్డారు: అకాల వర్షానికీ, అక్కకీ. క్లాసు చెప్పినాయన ఈ సంగతి ఎందుకు చెప్పలేదో మాకు తెలియదు. పాపం, ఆయనకి పెళ్లి కాలేదేమో.

పేపర్లో దొరికిన మొదటి ఇల్లు ఏలూరు పక్కనే, వట్లూరులో. ఇంటాయన్ని మేం బాబాయిగారని, ఆవిడని పిన్నిగారని మొదటిరోజే వరస కలిపేశాం (మా జిల్లాలో వరస కలపకుండా మంచినీళ్లు కూడా అడగం). బాబాయిగారు ఈ ఇంటిమీద అప్పు తెచ్చి, కొల్లేరువైపు చేపల చెరువులు లీజుకి చేశారు. ముసురు పట్టి నీళ్లలో గాలి తగ్గిపోయి, తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. అప్పట్నించి ఆ ఇంట్లో చేప వండటం మానేశారు. వీధి తలుపుమీద బ్యాంకువాళ్లు నోటీసు అంటిస్తే, దానిమీద పిన్నిగారు తలుపంత పంచాంగం క్యాలెండరు వేలాడదీశారు. దాని ముందు నిలబడి మేం వర్జ్యం ఎప్పుడుందో శ్రద్ధగా చదివాం.

వరండాలో బేరం జరిగింది. వేలమన్న మాట ఎవరి నోటా రాలేదు. ఇల్లు బాగుందని బావ, ఏదో లెండని బాబాయిగారు, గాలి బాగా వస్తోందని నేను, చాలాసేపు మర్యాదలు సాగాక బావ గొంతు సవరించుకుని, "అమ్మే ఉద్దేశం ఏమన్నా..." అన్నారు.

"బ్యాంకువాళ్లకి ఉందండీ ఉద్దేశం," అన్నారు బాబాయిగారు.

ధర తేలిగ్గానే కుదిరింది. వేలంలో పోయేకంటే నయమని ఆయన ముందే మనసు రాయి చేసుకున్నారు. కానీ మజ్జిగ గ్లాసులు ఇస్తున్న పిన్నిగారి కంట్లోంచి ఒక్క చుక్క జారింది. మా బావకది గోదావరి వరదలా కనబడింది. గేటు దాటగానే నా చెయ్యి పట్టుకుని, "ఆవిడ నిజంగా ఏడ్చారంటావా, లేక నా దగ్గర ఉల్లి వాసనా?" అనడిగారు. నిర్ధారణ కోసం రెండోసారి ఒక సబ్బు పూర్తిగా అరగదీసుకుని, అత్తరు పూసుకుని మరీ వచ్చారు. ఆవిడ మళ్లీ కళ్లొత్తుకున్నారు. వాసన కాదని తేలింది.

ఇక ఆవిడని నవ్వించే కార్యక్రమం మొదలైంది. పూతరేకులు పట్టుకెళ్లాం. నేను మా ఓనరుగారి నడక నడిచి చూపించాను. పిన్నిగారు మర్యాదకి పెదవులు కదిపి, మాకే జాలిగా ఇంకో గ్లాసు మజ్జిగ పోశారు. వేలం దగ్గరపడుతోంది. అందరినీ కలిపి కొల్లేరులో పడవ షికారుకి తీసుకెళ్దామన్నారు ఎవరో. చేపల వల్ల ఇల్లు పోతున్న మనిషిని నవ్వించడానికి చేపలున్న చోటికే తీసుకెళ్లాలన్న ఆలోచన ఎవరిదని మా ఇంట్లో ఇప్పటికీ వాదన ఉంది. (నాది.)

పడవ ఎక్కిన దగ్గర్నించీ పిన్నిగారు కొంగు కళ్లమీంచి తియ్యలేదు. మా ఎదురుగానే ఒక గూడబాతు, దూడంత ఉంటుంది, ఒక చేపని పట్టి గుటుక్కుమనిపించింది. "తిననియ్యవే. దానికి అప్పుల్లేవు," అన్నారు బాబాయిగారు. ఈ మాట కాస్త తమాషాగా ఉంది కదాని, పిన్నిగారు నవ్వారేమో చూడటానికి బావ నిలబడ్డారు. ఉల్లిపాయల తూకం తెలిసిన మనిషికి పడవ తూకం తెలియదు. నీళ్లు మోకాలి లోతే గానీ, బావ మాత్రం బంగాళాఖాతంలో పడ్డట్టే అరిచారు. నెత్తిమీద గుర్రపుడెక్క ఆకులతో లేచి నిలబడేసరికి, పిన్నిగారు పక్కున నవ్వేశారు.

"నవ్వారు, నవ్వారు. ఇప్పుడడుగు," అన్నారు బావ నీళ్లలోంచే, అక్కతో.

"మీరు పడితే నవ్వడం వేరు, ఇల్లిస్తూ నవ్వడం వేరండీ," అంది అక్క. పిన్నిగారివైపు తిరిగి, మొహమాటపడకుండా చెప్పమంది: ఏం చేస్తే మీకు నవ్వొస్తుంది?

పిన్నిగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. "ఆ వంటిల్లు నేను దగ్గరుండి కట్టించుకున్నానమ్మా. అలమరలన్నీ నా ఎత్తుకే పెట్టించుకున్నాను. ఇంకో వంటింట్లో నా చెయ్యి దేనికందుతుంది?"

తిరుగు ప్రయాణమంతా బావ వేళ్లు ముడుస్తూ తెరుస్తూ కూర్చున్నారు. తడి బట్టల వల్లనుకున్నాను. మర్నాడు బాబాయిగారిని వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్లి, కిందిల్లు వాళ్లకే వదిలేసి, మేడభాగం, పక్కనున్న ఖాళీ జాగా మాత్రం కొంటానన్నారు. బ్యాంకు మేనేజరుగారు ఒకేసారి కడితే వడ్డీలో కొంత తగ్గిస్తానన్నారు. అయినా కాస్త తక్కువపడితే, బాబాయిగారి చెరువుల ఇంజన్లు మా షాపు ద్వారా నేను అమ్మించాను (నా సేల్స్ జీవితంలో నిజంగా అమ్ముడుపోయిన సరుకు అదే). బాకీ తీరింది. తలుపుమీద నోటీసు పోయింది. రిజిస్ట్రేషనయ్యాక పిన్నిగారు అక్కకి బొట్టుపెట్టి, జాకెట్టు ముక్క చేతికిస్తూ నవ్వారు. తీర్పరి తృప్తిపడింది.

అప్పుడు మా బావ తన ఆస్తి చూసుకోవడానికి బయల్దేరారు. అన్నాళ్లూ మేం వరండా దాటలేదు. ఏడుస్తున్న ఇంట్లో దూరి గదులు కొలవడం పద్ధతి కాదు కదా. వీధిలోంచి చూసే మేడకి ధర కట్టాం. బావ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగారు. అటునుంచి ఇటు మళ్లీ తిరిగారు. చివరికి, "మెట్లెక్కడండీ?" అనడిగారు.

"వంటింట్లోంచండీ. వానొస్తే మీ పిన్నిగారు తడవకుండా పైకెళ్తుందని," అన్నారు బాబాయిగారు.

బయట మెట్లు కట్టించడానికి డబ్బు మిగలక, బావ మేడని అలాగే అద్దెకి పెట్టారు. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ వంటింట్లో ఆగి, తిని, ఇంకొకరి వంటింట్లోంచి దారైతే వద్దని వెళ్లిపోయారు. ఆఖరికి అద్దె ఇవ్వలేని ఒకే ఒక్క మనిషి దొరికాడు. నేనే. షాపు నుంచి రాగానే నేరుగా గదికెళ్దామనే అనుకునేవాణ్ని. పొయ్యి పక్కనుంచి పోవాలి కదా. "ఉప్పు సరిపోయిందేమో చూసిపో నాయనా," అనేవారు పిన్నిగారు. ఉప్పు సరిచూసేసరికి భోజనం పూర్తయ్యేది. ఏడాది తిరిగేసరికి ఆ మెట్లు నాకు ఇరుకయ్యాయి. కొన్నాళ్లకి ఒకరోజు కంచంలో చేపల పులుసు కనబడింది. బాబాయిగారు రెండుసార్లు వడ్డించుకున్నారు.

ఇప్పుడు వట్లూరులో ఇళ్ల ధరలు చెబితే, ఇల్లు మొత్తం కొననందుకు మా బావ చెవులు మూసుకుంటారు. ఆనాటి క్లాసులో ఆయన పక్కన కూర్చున్నాయనకి అపార్ట్‌మెంట్లున్నాయట. ఆ కారు రంగు నేనింకా తేల్చుకోలేదు. నాకూ ఏలూరులో, వాయిదాలు ముగిసీ ముగియని ఫ్లాటొకటి ఉంది. లిఫ్టు దిగి, తాళం తీసుకుని, నేరుగా నా గదిలోకి వెళ్లిపోవచ్చు. దారిలో ఉప్పు చూడమని ఎవరూ ఆపరు. సౌకర్యంగానే ఉంటుంది లెండి.