మూట దించని వీరనారి

కుట్టుమిషను పెద్దమ్మకి ఆ రోజు ఒళ్లు మండుతున్నది కస్టమర్ల మీద కాదు, డ్రాగన్ మీద. చెల్లెలి కూతురు నర్సు. ఇంటికి రంగులు వేయిస్తూ, టీవీకి తగిలించి ఆడుకునే తన గేమ్ పెట్టెను తెచ్చి పెద్దమ్మ దగ్గర ఉంచింది. ఇవాళ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి పట్టుకుపోతానంది. ఆలోగా ఆటలోని డ్రాగన్ చావాలి. లేకపోతే ఇన్నాళ్ల ఆటా బూడిదలో పోసిన పన్నీరే.

ఆ ఆటని పూర్తిగా తిట్టడానికీ నోరు రాదు, అంత అందం. కనిపించిన కొండనల్లా ఎక్కొచ్చు, ఏ దారినైనా పోవచ్చు, అడిగేవాడు లేడు. వాన పడితే గడ్డి కూడా వంగుతుంది. జీవితమంతా ఒకే కిటికీ పక్కన కాజాలు కుట్టిన మనిషికి అంత ఆకాశం దొరికితే వదులుతుందా?

కానీ ఆ లోకంలో ఎవరిని పలకరించినా ఏదో ఒక పని అంటగట్టేవాళ్లే. ఒకడు మేక తప్పిపోయిందంటాడు, ఇంకొకామె అవతలి కొండ మీంచి గొడ్డలి తెమ్మంటుంది. లోకం తగలబడుతుంటే వీళ్లకి మేకలు కావాల్సొచ్చాయా అని సణుగుతూనే పెద్దమ్మ అన్నిటికీ తలూపేది. కుట్టు కొట్టుకి వచ్చినవాళ్లని కాదనడం ఆమెకి అలవాటు లేదు మరి. ఆటలో ఇచ్చిన గుర్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. పిలిస్తే ఏదో బండలో ఇరుక్కుని గాల్లో కాళ్లాడిస్తూ ఉంటుంది.

అసలు కొంప ముంచింది మూట. గుడ్డపేలికైనా పారేయని చెయ్యి ఆమెది. జేబుకో లైనింగుకో పనికొస్తుందంటుంది. ఆటలోనూ అంతే. చెంచాలు, విరిగిన కత్తులు, ఎవరిదో ఒంటి చెప్పు, అన్నీ మూటలోకే. మూట బరువెక్కితే ఆ ఆటలో మనిషికి పరుగెత్తడం కుదరదు. డ్రాగన్ నిప్పు కక్కుతుంటే పెద్దమ్మ ఆడించే వీరనారి నిండు చూలాలిలా నడిచేది. మాడి మసయ్యేది.

నర్సు రానే వచ్చింది. చూసి నెత్తి కొట్టుకుంది.

"ఇన్ని చెంచాలెందుకు పెద్దమ్మా? డ్రాగన్‌కి పాయసం పెడతావా?"

"ఉండనీవే. ఎప్పటికైనా అక్కరకొస్తాయి."

"చచ్చాక ఏం అక్కర? పారేస్తావా, వైరు పీకెయ్యనా?"

పెద్దమ్మ పళ్లు నూరుతూ ఒక్కొక్కటే పారేసింది. చెప్పు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. రెండోది దొరికితే జతయ్యేదని గొణిగి, దాన్నీ విసిరేసింది.

ఈసారి వీరనారి లేడిలా ఉరికింది. డ్రాగన్ రెక్కలు విప్పి దూకింది, దూకి తోక మొదలు దాకా కొండలో దూరిపోయింది. తోకొకటే బయట ఆడుతోంది. కొడితే తగలదు, తిరిగి అది కొట్టదు.

నర్సు నవ్వాపుకోలేక, ఇది ఆట తయారుచేసినవాళ్ల తప్పనీ, మళ్లీ పాత చోటు నుంచి మొదలెట్టాలనీ, అప్పుడు పారేసినవన్నీ తిరిగి మూటలోకొస్తాయనీ చెప్పింది.

పెద్దమ్మ లేచి వైరు తనే పీకి, చుట్టి, పెట్టెని నర్సు చేతిలో పెట్టింది. గుమ్మం దాకా వెళ్లిన పిల్లని మళ్లీ పిలిచింది.

"అది కొండలోంచి ఊడొచ్చాక ఫోన్ చెయ్యి. నువ్వు మాత్రం ముట్టుకోకు. నేనొస్తా."