నా ఐడీతో కోసిన రోజులు

మాధాపూర్‌లో మెయిన్ రోడ్డు వెనక వీధిలో, కింద మందుల షాపు ఉన్న ఒక బిల్డింగులో, రెండో అంతస్తులో మా ఆఫీసు ఉండేది. చుట్టుపక్కల ఐటీ టవర్లకు ఊడ్చి తుడిచే మనుషుల్ని పంపే కాంట్రాక్టు కంపెనీ. అక్కడ నేను పదకొండేళ్ళు అకౌంట్స్ చూశాను.

నాకు పని నేర్పింది మా మేనేజరు. ఆయనది గోదావరి జిల్లా. కుటుంబంతో కూకట్‌పల్లిలో ఉండేవారు. నేను బీకాం పట్టా పట్టుకుని మొదటిసారి ఆ మెట్లెక్కినప్పుడు నాకు డెబిట్టంటే ఏమిటో పుస్తకంలో ఉన్నంతే తెలుసు. ఆయన పక్కన కుర్చీ వేసుకుని, ఒక్కో బిల్లూ చూపించి, "ఇది ఎక్కడ రాస్తావమ్మా? ఎందుకు?" అని అడిగి మరీ నేర్పారు. మా అమ్మ పోయినప్పుడు పదిహేను రోజులు రాకపోతే, ఒక్క రోజు కూడా కోయకుండా జీతం వేయించారు. ఆయన్ని నేను సార్ అనే పిలిచేదాన్ని కానీ, మనసులో మేనమామ వరసే.

పాత సాఫ్ట్‌వేర్ మా ఆఫీసులో ఒక్క కంప్యూటర్‌లోనే ఉండేది. దానికి మౌస్ అవసరమే లేదు. ఏ మీట నొక్కితే ఏ పేజీ వస్తుందో నా వేళ్ళకు తెలుసు. ఫోన్‌లో మాట్లాడుతూనే నలభై బిల్లులు ఎక్కించేదాన్ని. ఒక వానాకాలం మా యజమాని, "అందరూ కొత్తది పెట్టుకున్నరు, మనం కూడ పెడుతున్నం," అన్నాడు. కొత్తది ఇంటర్నెట్‌లో నడిచేది. హాజరు, జీతాలు, క్లయింట్ల బిల్లులు అన్నీ అందులోనే. టవర్ల వెనక గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే మిషన్లు పెట్టారు. మిషన్ చూసింది నేరుగా నా తెర మీదికి వచ్చేస్తుంది, ఇక రిజిస్టర్లు మోయక్కరలేదని చెప్పారు.

మొదటి నెలలోనే నా ప్రాణం తీసింది. సగం బిల్లు రాసేసరికి తెర మధ్యలో చక్రం తిరిగేది. అది ఆగేలోపు, సమయం అయిపోయింది, మళ్ళీ లాగిన్ అవ్వండని వచ్చేది. రాసిందంతా పోయేది. నేను ఐదో తేదీ, ఎనిమిదో నెల అని రాస్తే అది ఎనిమిదో తేదీ, ఐదో నెల అని తీసుకునేది. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరు ఆడవాళ్ళను తనంతట తానే ఒక్కరిని చేసేసి, ఇద్దరి జీతమూ ఒకామె ఖాతాలో వేసింది. రెండో ఆమె ఆఫీసుకొచ్చి ఏడుస్తుంటే నేను ఏం చెప్పాలో తెలియక మంచినీళ్ళిచ్చాను. అయినా సార్ ధైర్యం చెప్పేవారు. "కొత్తలో అన్నీ ఇంతేనమ్మా. అలవాటైతే ఇదే సుఖం."

రెండు నెలలకు మా నాన్నకు కంటి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. సరిగ్గా జీతాల సమయం. దవాఖానలో నాన్నను లోపలికి తీసుకెళ్ళిన కాసేపటికి సార్ ఫోన్ చేశారు.

"నువ్వు నాన్నగారి దగ్గరే ఉండమ్మా, కంగారు పడకు. నీ పాస్‌వర్డ్ చెప్పు, ఈ మూడు రోజులూ నేను చూసుకుంటాను."

నా పాస్‌వర్డ్ మా అమ్మ పేరు. వరండాలో గోడకు ఆనుకుని నిలబడి, ఒక్కో అక్షరమూ చెప్పాను. చెప్తుంటే నాకు ఆయన మీద కృతజ్ఞతతో కళ్ళు నిండాయి కూడా.

ఆ తర్వాతి నెల ఐదో తారీఖున ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చింది. నారాయణపేట దిక్కు నుంచి వచ్చి ఖాజాగూడలో మా వెనక గల్లీలోనే కిరాయికి ఉండేది. ఒక టవర్‌లో ఆరు అంతస్తులు తుడిచేది. యాభై దాటిన మనిషి. నన్ను బిడ్డా అనేది, నేను పెద్దమ్మా అనేదాన్ని.

"బిడ్డా, నాకు రెండు రోజులు తక్కువ పడ్డయి. జర చూడు."

తెర మీద చూశాను. పనిచేసిన రోజులు ఇరవై నాలుగు.

"ఇరవై నాలుగే ఉన్నయి పెద్దమ్మా."

ఆమె కొంగులోంచి మడతపెట్టిన క్యాలెండర్ కాగితం తీసింది. పనికి వెళ్ళిన ప్రతి తేదీ మీదా బొగ్గుతో గీత. "ఇరవై ఆరు రోజులు పోయిన. ఒక్క ఆదివారాలే ఇంట్ల ఉన్న. నువ్వే లెక్కపెట్టు."

నేను లెక్కపెట్టలేదు. తెరను ఆమె వైపు తిప్పాను. "గీడ చూడు. నీ మొఖం చూసి మిషనే ఏసింది హాజరు. నేనేసింది కాదు. మిషన్ ఎందుకు అబద్ధం చెప్తది?"

ఆమెకు చదువు రాదు. అయినా ఆ తెరను కాసేపు చూసింది. కాగితం మళ్ళీ మడిచి కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మరుసటి నెల ఆమెతో పాటు ఇంకో ఐదుగురు వచ్చారు. ఒకరికి ఒక రోజు, ఒకరికి మూడు. నాకు అనుమానం వచ్చి సార్‌ను అడిగాను.

"సాఫ్ట్‌వేర్ అలా తీసుకుంటోందమ్మా," అన్నారు ఆయన తల ఎత్తకుండానే. "నేనూ చూశాను. వాళ్ళకి కంప్లయింట్ పెట్టాను. సరిచేసేస్తారు."

ఆ మాటే వెళ్ళి ఆడవాళ్ళతో చెప్పాను. వచ్చే నెల సరైపోతుందని హామీ ఇచ్చాను. వచ్చే నెల సరికాలేదు. మళ్ళీ సార్‌ను అడిగాను, మళ్ళీ అదే మాట. నేను పోయి మళ్ళీ అదే చెప్పాను. నాలుగో నెలలో ఎవరూ రాలేదు. పెద్దమ్మ గల్లీలో ఎదురైతే, "నమస్తే మేడం," అని పక్కకు తప్పుకుంది. ఆ మేడం అన్న మాట నాకు గుచ్చుకుంది. అయినా, నా తప్పేముంది, సాఫ్ట్‌వేర్‌దే కదా అనుకున్నాను.

ఆ వారమే, ఒకే పేరున్న ఇద్దరి గొడవ మళ్ళీ వచ్చింది. సార్ క్లయింటు దగ్గరకు వెళ్ళారు. ఆగలేక సాఫ్ట్‌వేర్ కంపెనీకి నేనే ఫోన్ చేశాను. ఎవరో కుర్రాడు ఎత్తాడు. తెలుగులో మాట్లాడాడు. నా తెరను తన దగ్గర తెరిచి చూసి, ఐదు నిమిషాల్లో ఇద్దరినీ వేరు చేశాడు. అంత సులువుగా అయ్యేసరికి అడిగాను.

"తమ్మీ, హాజరుల రోజులు తక్కువ చూపిస్తున్నది కదా, దాని మీద మా సార్ కంప్లయింట్ పెట్టిండు. అదెప్పుడు చేస్తరు?"

అతను ఏదో టైప్ చేయడం వినిపించింది. వెతుకుతున్నట్టున్నాడు. "మీ కంపెనీ నుంచి హాజరు మీద ఒక్క కంప్లయింట్ కూడా లేదు మేడం. ఒక్క నిమిషం, మీ సెట్టింగ్స్ చూస్తాను."

నేను ఎప్పుడూ తెరవని పేజీ ఒకటి నా కళ్ళ ముందు తెరుచుకుంది. అతను చదివి వినిపించాడు. "ఏడు గంటలకు ఒక్క నిమిషం దాటినా లేటు. మూడు లేట్లకు ఒక రోజు జీతం కట్. ఇది మేము పెట్టింది కాదు మేడం. మేమిచ్చినప్పుడు పదిహేను నిమిషాల వరకూ లేటు లేదు, కోత అసలే లేదు. మీ ఆఫీసులోనే మార్చారు."

నాకు వెంటనే వెనక గేటు కళ్ళకు కట్టింది. ఆడవాళ్ళు పావు తక్కువ ఏడుకే వస్తారు. సెక్యూరిటీ వాళ్ళు టిఫిన్ డబ్బా మూత తీయించి, సంచి తడిమి, ఒక్కొక్కరినే లోపలికి వదులుతారు. ఆ వరస దాటాకే మిషన్. వరస పొడుగైన రోజున ఏడూ ఐదు కాకుండా ఎవరు చేరతారు?

"ఎవరు మార్చిండ్రు?"

అతను మొహమాటపడ్డాడు. "మేడం... మీ ఐడీయే ఉంది."

కింద చిన్న అక్షరాల్లో నా పేరు, తేదీ, పొద్దున పదకొండు గంటల సమయం. నేను మా నాన్న కంటికి కట్టు కట్టిస్తూ దవాఖానలో ఉన్న రోజు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ పేరునే చూశాను. నా పేరు నాకే పరాయి మనిషి పేరులా అనిపించింది.

తర్వాత ఒక పని చేశాను. మొదటి నెలలోనే చేయాల్సిన పని. ఆ మొదటి నెల క్లయింటుకు మేము పంపిన బిల్లు తెరిచాను. పెద్దమ్మకు అందులో ఇరవై ఆరు రోజులున్నాయి. క్లయింటు దగ్గర ఇరవై ఆరుకు తీసుకుని, ఆమెకు ఇరవై నాలుగుకిచ్చాం. రెండు కాగితాలూ ప్రతి నెలా నేనే తీసేదాన్ని, ఒకే పూట. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. పాత రోజుల్లో అయితే రిజిస్టరు నా చేతుల్లో ఉండేది, ఆ తేడా నా కంటపడేది. ఇప్పుడు తెర చెప్పింది నమ్మాను, సార్ చెప్పింది నమ్మాను.

సార్ సాయంత్రం వచ్చారు. ఆ పేజీ ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని చదివారు. నాకు తెలియదు అంటారని, ఏదో పొరపాటు అంటారని ఇంకా ఆశపడుతూనే ఉన్నాను.

"కూర్చోమ్మా," అన్నారు.

"కూసోను సార్. నా ఐడీతోని ఎందుకు చేసిండ్రు?"

"పైనుంచి అడిగారమ్మా. ఖర్చు తగ్గించమన్నారు. నేనేం చెయ్యను? ఇద్దరు పిల్లల ఫీజులు..."

"అది కాదు నేనడుగుతున్నది. మీ ఐడీ ఉన్నది కదా."

ఆయన కిటికీ వైపు చూశారు. "నా ఐడీతో చేస్తే రేపు ఆడిట్‌లో నన్ను అడుగుతారు. నువ్వైతే... కొత్త సాఫ్ట్‌వేరు, ఆడపిల్ల, తెలియక చేసిందనుకుంటారు. నిన్నెవరూ ఏమనరని అనుకున్నానమ్మా."

పదకొండేళ్ళలో ఆయన నన్ను ఎన్నిసార్లు అమ్మా అన్నారో. ఆ రోజు మొదటిసారి ఆ మాట వింటే ఒళ్ళు జలదరించింది. అమ్మ పేరు అక్షరం అక్షరం చెప్పిన ఆ వరండా గుర్తొచ్చింది. ప్రింటు తీసుకుని వచ్చేశాను.

మర్నాడు యజమాని దగ్గరికి వెళ్ళాను. ఆయన కూడా ఒకప్పుడు బకెట్ పట్టి పనిచేసి పైకొచ్చినవాడే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను.

"నేనెప్పుడు చెయ్యమన్న? నాకు తెల్వది," అన్నాడు. ఆయన అబద్ధమాడాడో, సార్ అబద్ధమాడారో నాకు ఈ రోజుకీ తెలియదు.

"నాలుగు నెలల పైసలు వాళ్ళకు ఇచ్చెయ్యుండ్రి సార్. లేకుంటే ఈ రెండు కాగితాలు క్లయింట్ ఆఫీసుల పెడ్త."

ఆయన నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. మూడో రోజు పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. అకౌంట్స్ విభాగం పొరపాటు వల్ల కొందరికి జీతం తక్కువ పడిందని, సరిచేస్తున్నామని, బాధ్యత నాదేనని అందులో ఉంది. "సంతకం పెట్టు. రేపే పడ్తయి. పెట్టకుంటే వకీళ్ళు, తిరుగుడు... వాళ్ళకు ఎన్నేండ్లకొస్తయో నువ్వే ఆలోచించుకో."

నలభై మూడు మంది. చాలామందికి నాలుగువేలు దాటని మొత్తం. వాళ్ళెవరూ వకీలు దగ్గరికి పోలేరు. ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను. సార్ పక్క గదిలోనే ఉన్నారు. తలుపు తెరిచే ఉంది. ఆయన లేచి వచ్చి ఒక్క మాట అంటారేమోనని ఆగాను. కీబోర్డు చప్పుడు వినిపిస్తూనే ఉంది. సంతకం పెట్టాను.

మర్నాడు నిజంగానే డబ్బు పడింది. ఆ నియమం తీసేశారు. ఆ కాగితం ఆడవాళ్ళకు నాతోనే చదివించారు. ఎవరూ తిట్టలేదు. ఒకామె మాత్రం, "మిషన్ అన్నవు కదా," అని గొణిగింది.

మనసు ఆగక ఆ ఆదివారం పెద్దమ్మ గదికి వెళ్ళాను. గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. జరిగిందంతా చెప్పాను. పాస్‌వర్డ్ అంటే ఏమిటో, అది ఆయనకెలా తెలిసిందో, సంతకం ఎందుకు పెట్టానో. ఆమె చేతులు ఆపకుండానే విన్నది.

"ఆయనే చేసిండో నువ్వే చేసినవో నాకెట్ల తెలుస్తది?" అన్నది చివరికి. "నువ్వు చెప్తున్నవు, నిజమే కావచ్చు. కానీ నేను ఫస్టు నెల నీ దగ్గరికొచ్చిన్నాడు ఏం చేసినవు? నా కాగితం లెక్కపెట్టమన్న. నువ్వు పెట్టలే. నా మొఖం దిక్కు సుత చూడలే. ఆ డబ్బా దిక్కే చూసినవు."

ఆమె చాయ్ పోసిచ్చింది. తాగి వచ్చేశాను. తర్వాత ఆమె నార్సింగి దగ్గర ఒక హాస్టల్లో వంటపనికి కుదిరి గది మార్చేసిందని విన్నాను.

నెలాఖరుకు ఉద్యోగం మానేశాను. ఆ సంతకం ఉన్న కాగితం వల్ల రెండు చోట్ల పని రాలేదు. మూడోచోట, గచ్చిబౌలిలో ఒక చిన్న ఆఫీసులో, పాత ఆఫీసులో ఎవరినీ అడగకుండా తీసుకున్నారు. జీతం తక్కువ. అక్కడ సాఫ్ట్‌వేర్ వేరే. దాంట్లోనూ చక్రం తిరుగుతుంది, రాసింది పోతుంది. నాకు దాని మీద మునుపటంత కోపం రావడం లేదు. కోపం వచ్చినప్పుడల్లా అది తెర దగ్గర ఆగకుండా ఆ పక్క గది దాకా పోతోంది.

సార్ ఇంకా అక్కడే ఉన్నారు. రోజూ పొద్దున ఫోన్‌లో పూల బొమ్మ పంపిస్తారు, కింద శుభోదయం అని. బహుశా అందరికీ పంపే బొమ్మే, నా నంబరు తీసేయడం మరిచిపోయారో ఏమో. నేను ఒక్కసారీ జవాబివ్వలేదు. ఆయన నంబరు రాకుండా ఆపేయడానికి రెండు మూడుసార్లు వేలు బటన్ దాకా వెళ్ళింది. పనంతా నేర్పిన మనిషి. ఇంతవరకూ ఆపలేదు.