వజ్రం సగం చెప్పిన మాట

"...ముడే అన్నావా లేదా? ముందది చెప్పు!"

"అన్నానొదినా, కాదన్నానా? నీ టిన్ను నిండింది, జరుగు."

"టిన్ను ఎక్కడికీ పోదు. ముడే, కావలిస్తే మళ్లీ విప్పించుకోవచ్చని ఆసుపత్రి దాకా నవ్విస్తూ తీసుకెళ్లావు. ఆరేళ్లు పోయాక, మగబిడ్డ కోసం విప్పించవే వజ్రం అనడిగితే, అబ్బే కుదరదొదినా, ఆడపిల్లలు బంగారం అని పాఠం చెప్పి పంపావు. మరి నీ ముడి ఎలా విప్పుతున్నారంట?"

నీళ్ల ప్లాంటు దగ్గర వరసలో ఎనిమిది టిన్నులున్నాయి. వాటి వెనక ఉన్న ఆడవాళ్లు అప్పటిదాకా ఎవరి కబుర్లలో వాళ్లున్నారు. ఇప్పుడు మాట్లాడటం మానేశారు. పేరిందేవి గొంతు మామూలప్పుడే వీధి చివరికి వినపడుతుంది.

"ఎవరు చెప్పారు నీకు?" అంది వజ్రం.

"మీ ఆయనే. కొబ్బరికాయలు వలుస్తూ మా ఆయనకి చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పాడంట."

వజ్రం ఆ లంక ఊళ్లో ఆశా కార్యకర్త. పన్నెండేళ్లలో ఆమె ఆటో ఎక్కించి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి తీసుకెళ్లినవాళ్లు అరవై మందికి పైనే. భయపడేవాళ్లకి ఆమె దగ్గర ఒకటే మందు. తలుపేసి, తన కుచ్చిళ్లు రెండంగుళాలు దించి, "ఏదీ, గీత ఎక్కడుందో చూపించు. కళ్లజోడు పెట్టుకుని మరీ చూడు" అనేది. నిజంగానే గీత కనపడేది కాదు. గొట్టాలు ముడి వేసి కత్తిరిస్తారని ట్రైనింగులో చెప్పారు. ఊళ్లో వాళ్లు ముడి అనేసరికే ఒప్పుకునేవాళ్లు. ఒప్పుకున్నాక కత్తెర మాట ఎందుకని వజ్రం అక్కడితో ఆపేసేది. కొన్నాళ్లకి ఆ రెండో సగం ఆమెకే గుర్తులేకుండా పోయింది. పేరిందేవి వచ్చి అడిగినరోజు కుదరదని చెప్పింది తెలిసి కాదు. ఒకరికి విప్పిస్తే తక్కిన అరవై మందీ గుమ్మంలో కూర్చుంటారని.

తన ఆపరేషన్ తనకి ఇరవయ్యో ఏట అయింది, రెండోవాడు పుట్టిన అయిదోరోజున. ఇద్దరు చాలని అత్తగారు నరసాయమ్మ అంది. చాలో చాలదో వజ్రాన్ని ఎవరూ అడగలేదు. మూడో నెల నుంచి వజ్రం కొబ్బరి పీచు మిల్లుకి పోయేది, పిల్లలు నరసాయమ్మ ఒళ్లో పెరిగారు. ఇంట్లో అందరూ వజ్రం, వజ్రం అని పిలుస్తుంటే వాళ్లకీ అదే అలవాటయింది. నరసాయమ్మని అమ్మ అన్నారు. ముద్దుగా ఉందని ఎవరూ దిద్దలేదు. ఇప్పుడు పెద్దవాడికి పదిహేడేళ్లు, మీసం వస్తోంది. "వజ్రం, నా నీలం చొక్కా ఏదే?" అని కేకేస్తాడు.

పోయిన వేసవిలో సంతలో ఎవరో పిల్ల తప్పిపోయి, వజ్రం కొంగు పట్టుకుని "అమ్మా" అంది. పది నిమిషాల్లో తల్లి వచ్చి తీసుకుపోయింది. వజ్రం కూరగాయలు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చి, పెరట్లో కాయలు వలుస్తున్న మొగుడు గోవిందు ముందు నిలబడింది.

"నాకో పిల్ల కావాలి."

"ఎవరి పిల్ల?" అన్నాడు గోవిందు, తల ఎత్తకుండానే.

అతనికి విషయం బుర్రకెక్కడానికి వారం పట్టింది, ఒప్పుకోవడానికి ఇంకో నెల. ఇద్దరూ కలిసి పదిరోజుల కిందట కాకినాడ వెళ్లి డాక్టరుకి చూపించుకున్నారు. చిన్న వయసు డాక్టరమ్మ.

"ఎంత ముక్క కత్తిరించారో తెరిచి చూస్తే గానీ చెప్పలేం" అంది.

"ముక్కేంటి మేడం? ముడే కదా."

డాక్టరమ్మ కాగితం మీద నుంచి తలెత్తింది. "మీరు ఆశా వర్కరని రాశారిక్కడ?"

వజ్రం కొంగు సర్దుకుంది. గోవిందు గోడమీద క్యాలెండరు చదవసాగాడు.

"మీకు ముప్పై అయిదు. అతికినా గర్భం నిలుస్తుందని మాట ఇవ్వలేను. నిలిచినా గొట్టంలోనే నిలిస్తే ప్రమాదం. ఇంటికెళ్లి ఆలోచించుకుని ఫోన్ చెయ్యండి" అంది డాక్టరమ్మ.

ఇదంతా నీళ్ల ప్లాంటు దగ్గర చెప్పే సంగతి కాదు. వజ్రం టిన్ను భుజానికెత్తుకుంది.

"ఇంటికి రా వదినా. అన్నీ చెప్తాను."

పిలిచింది పేరిందేవిని. అయిదుగురు వచ్చారు.

ఇంటి అరుగుమీద నరసాయమ్మ పాత ఉయ్యాల ముందేసుకుని గొలుసులకి కొబ్బరినూనె రాస్తోంది. ఆవిడకి సంగతి తెలిసి రెండు రోజులైంది. గొడవ చేస్తుందని గోవిందు భయపడ్డాడు గానీ, ఆవిడ ఆ సాయంత్రమే అతన్ని అటక ఎక్కించి ఉయ్యాల దింపించింది.

"కూర్చోండమ్మా" అంది నరసాయమ్మ. "మోకాళ్ల నొప్పులే గానీ, ఇంకోదాన్ని పెంచలేనా? ఇది పనికి పోతుంది, పిల్ల నా దగ్గర ఉంటుంది. ఆ ఇద్దర్నీ పెంచలేదూ?"

వజ్రం ఆ మాట విననట్టు టిన్ను దించి పేరిందేవి వైపు తిరిగింది.

"ముడి ఒక్కటే కాదొదినా. ముడి వేసి, మధ్యలో ముక్క కత్తిరిస్తారు. నీకు సగమే చెప్పాను. విప్పడానికి అక్కడ ఏమీ ఉండదు, మిగిలింది అతకాలి. నువ్వడిగినప్పుడు కుదరదన్నాను చూడు, అది కూడా తెలిసి అనలేదు. తప్పించుకోడానికి అన్నాను."

"అంటే నీకూ తెలీదన్నమాట!"

"నాకూ తెలీదు."

పేరిందేవి అరుగుమీద చతికిలబడింది. "అరవై మందికి పొట్ట చూపించావు కదే! సిగ్గులేదూ?" అని, తనే ముందు నవ్వేసింది. తక్కినవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఇప్పుడు నేను అడిగితే?" అంది పేరిందేవి, నవ్వు ఆపి.

"నీకు నలభై రెండొదినా. నాకే గట్టిగా చెప్పట్లేదు. కాకినాడ తీసుకెళ్తాను, డాక్టరమ్మనే అడుగుదువు గాని. ఈసారి మొత్తం ఆవిడే చెప్తుంది."

"వద్దులే. ఆడపిల్లలు బంగారం" అంది పేరిందేవి, వజ్రం గొంతుతోనే.

ఈసారి నవ్వులు కొంగులకి ఆగలేదు. ఆ సందడికి లోపల్నుంచి పెద్దవాడు తొంగిచూశాడు.

"వజ్రం, చార్జరెక్కడ పెట్టావు? అమ్మా, నువ్వైనా చూశావా?"

"ఫ్రిజ్జు మీదుంది నాన్నా" అంది నరసాయమ్మ.

వాడు లోపలికెళ్లాడు. నరసాయమ్మ ఉయ్యాలని ఒకసారి ఊపి చూసింది. గొలుసు చప్పుడు చెయ్యలేదు.

"వచ్చే శుక్రవారం నాకు ఆపరేషను" అంది వజ్రం. "పొద్దున డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను. అతుకుతుందో లేదో తెలీదు. అతికి పిల్ల పుడితే, పని మానేసి నేనే పెంచుకుంటాను. అది నన్ను అమ్మ అంటుంది. మిమ్మల్ని మామ్మ అంటుంది, అత్తయ్యా."