ఆయమ్మ రాయనివ్వని పేరు

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు మోగాల్సిన గంట మోగలేదు. బోధన్‌లో మా పాత బడి వెనక ఉన్న చర్చి గంట అది. పది నిమిషాలు చూసి పక్కింటివాళ్లు ఆ గంట కొట్టే ఆమె తలుపు నెట్టారు. స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, చెప్పులు గుమ్మం దగ్గర పెట్టుకుని, మంచం మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగి ఉందట. నిజామాబాద్‌లో ఉన్న నాకు తొమ్మిది దాటాక ఫోన్ వచ్చింది. "ఇయ్యాల గంట కొట్టలే సారూ" అన్నాడు అవతలి మనిషి. ఇంకేమీ చెప్పనవసరం లేకపోయింది.

ఫోన్ చేసిన ఆ మనిషి ఎవరో కాస్త తర్వాత చెప్తాను. ముందు ఆమె గురించి.

ఆమె మా ప్రైమరీ బడిలో ఆయమ్మ; రిటైరయ్యాక చర్చి గంట పని పెట్టుకుంది. వరండా దూలానికి రైలుపట్టా ముక్క వేలాడుతుండేది. అదే గంట. టైముకు ఐదు నిమిషాల ముందే వచ్చి, ఇనుప కడ్డీ కొంగు చాటున పట్టుకుని, హెడ్మాస్టర్ గదిలో గోడ గడియారం కేసి చూస్తూ నిలబడేది. చివరి పీరియడ్‌లో కిటికీలోంచి బతిమాలేవాళ్లం. "ఆయమ్మా, జర ముందుగాల కొట్టవా?" "ముందుగాల కొడ్తె మీరు ఇంటికి పోతరు. మీ ఎక్కాలు ఏడికి పోతయిరా?" అనేది. చెరుకు సీజన్లో ఫ్యాక్టరీకి వెళ్లే బండ్ల వెంట పరిగెత్తి గడలు లాక్కొచ్చేవాళ్లం. ఆమె అన్నీ గుంజుకుని, మోకాలి మీద విరిచి, ఇంటర్వెల్‌లో అందరికీ తలా ముక్క పంచేది. లాక్కొచ్చినవాడికి మాత్రం కొస ముక్క, అంటే చప్పటిది. "నువ్వు ఉరికినప్పుడే తీపంత తిన్నవ్ గద" అనేది.

భర్త గల్ఫ్ పోయాడని, తిరిగి రాలేదని మాకు తెలుసు. ఎవరైనా అడిగితే ఒకటే మాట: "అక్కడనే ఉన్నడు." ఆ మాటలో అబద్ధం లేదని నాకు చాలా ఏళ్లకు అర్థమైంది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆమె నిజామాబాద్‌లో మా పత్రికాఫీసుకు వచ్చింది. చేతిలో బట్టల దుకాణం పాలిథిన్ కవరు, అందులో కాగితాలు.

"కొడుకా, నాకు టూరిస్టు వీసా గావాలె."

"ఎక్కడికి ఆయమ్మా?"

"మస్కట్‌కు."

"ఏం చూడ్డానికి?"

"ఆయనను."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఆమె భర్తకూ, కోటగిరి వైపు ఒక ఊళ్లో ఉన్న స్నేహితుడికీ ఒకే చర్చి. స్నేహితుడికి వీసా వచ్చింది. తీరా ప్రయాణానికి వారం ముందు అతని తల్లికి పక్షవాతం. వీసా పాడవుతుందని ఏజెంటు ఒక ఉపాయం చెప్పాడు: అదే పాస్‌పోర్టు, అదే పేరు, ఫొటో మాత్రం మార్చి ఆమె భర్తను పంపడం. ఆ రోజుల్లో మా జిల్లాలో ఇది వినని సంగతి కాదు. చాలామంది పక్కవాడి పేరుతో పోయి, కొన్నేళ్లు ఆ పేరుకే పలికి, తిరిగొచ్చి తమ పేరు తాము తీసుకున్నారు. ఆయన తిరిగి రాలేదు. ఆరో నెలలో పని దగ్గరే గుండె ఆగింది. కంపెనీ వాళ్లు పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే క్రైస్తవుల శ్మశానంలో పాతిపెట్టారు. మరణ పత్రం పాస్‌పోర్టులోని చిరునామాకే వచ్చింది, అంటే కోటగిరి వైపు ఊరికి. అక్కడ స్నేహితుడు పొలంలో నారు పోస్తూ ఉన్నాడు. తను చనిపోయినట్టు రాసిన కాగితం తనే అందుకున్నాడు.

అడిగితే కేసు అవుతుందని రెండు ఇళ్లవాళ్లూ నోరు మూసుకున్నారు. ఆయన తోటి పనివాడు, ముప్కాల్ ఊరి అతను, సెలవుకు వచ్చినప్పుడు సమాధి నంబరు రాసిన చీటీ ఆయమ్మకు ఇచ్చాడు. ఆమె దగ్గర ఉన్న ఆధారం అదొక్కటే. కాగితాల ప్రకారం ఆమె విధవరాలు కాదు. పింఛను రాలేదు. పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు భర్త పేరు ఉన్నదున్నట్టే రాయించుకుంది, బతికున్న మనిషి పేరులాగే. ఇప్పుడు ముప్కాల్ అతని కొడుకు మస్కట్‌లో డ్రైవరు. వస్తే శ్మశానానికి తీసుకుపోతానన్నాడు. ఆమెకు బీపీ ఎక్కువగా ఉంది. "కాళ్లు ఉన్నప్పుడె పోవాలె" అంది.

బస్టాండ్ దగ్గర ఒక ట్రావెల్స్‌కు తీసుకెళ్లాను. అక్కడి ఆవిడ ఫారం తెరిచి పాస్‌పోర్టు చూసింది. ప్రయాణ కారణం దగ్గర 'పర్యటన' అని కొడుతుంటే ఆయమ్మ అడిగింది.

"పర్యటనంటే?"

"చూసి రావడం" అన్నాను.

"గంతే. సూసి వస్త."

తర్వాత చిక్కు వచ్చింది. "అమ్మా, ఒక్కదానివే పోతున్నవ్. నీ భర్త నో అబ్జెక్షన్ లెటర్ గావాలె. లేకుంటె డెత్ సర్టిఫికెట్ గావాలె" అంది ఆవిడ. ఆవిడ గొంతు తగ్గించి, "ఆయన సంతకం మీరే పెట్టేయండ్రి. ఎవరు సూడొచ్చిండ్రు? అందరు పెడ్తరు" అంది.

"ఆయనకు సంతకం రాదు బిడ్డా. ఏలిముద్రనే. నేను యాడికెల్లి తేవాలె?" అంది ఆయమ్మ.

ఈ సంగతి ఆ స్నేహితుడికి, కోటగిరి అతనికి ఎలా చేరిందో తెలియదు. నాలుగు రోజుల తర్వాత నేను బోధన్ వెళ్లేసరికి అతను ఆమె ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, భుజాన తువ్వాల. ముందు రెండు కాగితాలు: అతని పేరుతో వచ్చిన మరణ పత్రం, ఆమె భర్త ఫొటో అంటించిన అతని పాస్‌పోర్టు నకలు.

"ఇవి పెట్టుండ్రి సారూ. సచ్చింది నేను గాదు, ఈమె మొగడని కోర్టు కాగితం మీద రాసిస్త. కేసయితే అయితది" అన్నాడు.

నేను రిపోర్టర్ని. నిజాన్ని రుజువు చేసే కాగితం ఎదురుగా ఉంటే దాన్ని వాడమనే చెప్తాను. అలాగే చెప్పాను. అఫిడవిట్ ఇస్తే దారి దొరకొచ్చని, ఆలస్యమైనా నికరంగా ఉంటుందని. అతని మీద కేసు ఎంతవరకు వెళ్తుందో నేను చెప్పలేనని కూడా అన్నాను. అతనికి పెళ్లి కావాల్సిన మనవరాలు ఉంది, పట్టా పొలం ఉంది.

ఆయమ్మ రెండు కాగితాలూ తిరగేసి ఆయన ఫొటోను బొటనవేలితో ఒకసారి తుడిచింది. "బతికినోన్ని పోలీసులకు ఇచ్చి, సచ్చినోన్ని సూసొస్తనా? నీ పేరు ఫారంల రాయనియ్య. లేసి బువ్వ తిను" అంది అతనితో.

అతను లేచాడు కానీ కాగితాలు తీసుకోలేదు. "ఆ ఫొటో నీది. నా దగ్గెరెందుకు?" అని వదిలేసి పోయాడు. నిజమే, ఆయన ఫొటో ఆమె దగ్గర మరొకటి లేదు. మడిచి పాలిథిన్ కవర్లో పెట్టుకుంది.

మిగిలింది నా పని: భర్త లెటర్‌కు బదులు ఆమె తరఫున ఒక ఉత్తరం రాయడం. అబద్ధం రాయకూడదు, అతని పేరు రాయకూడదు. ఆ రాత కోసం నేను పడ్డంత తంటా ఏ వార్తకూ పడలేదు. చివరికి నాలుగు వాక్యాలు వచ్చాయి: నా భర్త పని కోసం వెళ్లి తిరిగి రాలేదు. ఆయన సంతకం తేలేను. ఆయన పేరుతో మరణ ధ్రువపత్రం లేదు. నేను ఐదు రోజులు ఉండి తిరిగి వస్తాను. ఆమె మెల్లగా సంతకం చేసింది. బడిలో పిల్లల వెనక కూర్చుని నేర్చుకున్న సంతకం.

"తిరిగొస్తవని నమ్మేదెట్ల?" అని ట్రావెల్స్ ఆవిడ అడిగింది.

"ఆదివారం గంట ఎవరు కొడ్తరు?" అంది ఆయమ్మ.

ఆవిడ ఉత్తరం చదివి నాకేసి చూసింది. "ఇదేం లెటర్ సార్, పేపర్ల వార్త లెక్కుంది. సూద్దాం తియ్, పెడ్త." కాగితాలన్నీ స్కాన్ చేసి పంపిస్తానంది. నేను పాలిథిన్ కవరు కవరే ఆవిడ చేతిలో పెట్టాను.

ఆ పొరపాటు నాది. బోధన్ బస్సు ఎక్కించబోతుంటే ఆయమ్మ ఆగింది. "ఆయన ఫొటో కాగితం ఏడుంది?" అంది. మాకిద్దరికీ ఒక్కసారే తెలిసింది. స్కాన్ చేసేవాళ్లు అన్నీ స్కాన్ చేస్తారు. ఒక మనిషి మరణ పత్రం, మరొక మనిషి ఫొటో ఉన్న అతని పాస్‌పోర్టు, ఈ రెండూ వెళ్లకూడని చోటికి మేమే చేరవేసినట్టు. నేను ముందు పరిగెత్తాను. ఆమె వెనక నడిచింది, ఆయాసంతో ఆగుతూ. ముప్పై ఏళ్లు వార్తలు రాశాను, ప్రమాదాలకు వెళ్లాను, అలా పరిగెత్తింది మాత్రం ఆ రోజే.

ఆవిడ టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని తింటోంది. స్కానింగ్ అయిపోయింది. పంపే బటన్ ఇంకా నొక్కలేదు. కంప్యూటర్లో తొమ్మిది కాగితాలు ఉన్నాయి, ఏడే ఉండాలి. నేను వేలితో చూపించిన రెండూ ఆవిడ ఏమీ అడగకుండా తీసేసి, కాగితాలు తిరిగిచ్చింది. "మంచిగ సూసుకోవాలె సార్" అని మాత్రం అంది. ఆయమ్మ అప్పటికి గుమ్మం దగ్గరికి వచ్చింది. నా ముఖం చూసి అర్థం చేసుకుంది. తిట్టలేదు. "గంట ముందుగాల కొట్టినవ్ కొడుకా" అంది. జీవితంలో ఆమె నన్నన్న గట్టి మాట అదే.

తర్వాత ఎదురుచూపు. ఆమె రోజూ పొద్దున్నే ఫోన్ చేసేది. "ఏమన్న అన్నరా?" "అనలేదు ఆయమ్మా." "అననీ" అని పెట్టేసేది. మూడో రోజు ట్రావెల్స్ నుంచి కబురు: ఇంకో ఫొటో అడిగారు. ఎందుకు అడిగారో చెప్పలేదు. ఆ నాలుగు రోజులూ కోటగిరి అతను కూడా నాకు ఫోన్లు చేశాడు, ఏమీ అడగడు, "ఆఁ సారూ" అంటాడు, ఊరుకుంటాడు. అతనికి భయం వీసా రాదని కాదు, వస్తుందని కూడా కాదు. ఎక్కడో ఎవరో తన పేరు చదువుతున్నారేమోనని. ఏడో రోజు వీసా వచ్చింది.

శంషాబాద్‌లో లోపలికి పంపి, విమానం లేచేదాకా బయటే ఉన్నాను. ఆమెను వెనక్కి పంపితే బస్సు ఎక్కించేవాళ్లు ఉండాలి గదా. తర్వాత చెప్పింది: ఇమిగ్రేషన్ అధికారి భర్త ఎక్కడున్నాడని అడిగాడట. "అక్కడనే ఉన్నడు" అందట. ముద్ర వేశాడు.

ఐదో రోజు తిరిగొచ్చింది, శనివారం సాయంత్రం. మరునాడు ఎనిమిదిన్నరకు గంట మోగింది. ప్రార్థన అయ్యాక కోటగిరి అతను గేటు దగ్గర నిలబడ్డాడు. ఎలా అడగాలో తెలియక తువ్వాల ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటున్నాడు. ఆమే చెప్పింది.

"రాయి మీద నీ పేరు మంచిగనే ఉన్నది. ఇసుక బట్టింది, కొంగుతోని తుడిసిన. పాపం, ఇన్నేండ్ల నుంచి ఆయనను కప్పి ఉన్నది."

అతను అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. "లే, లే, పిల్లలు సూస్తున్నరు" అంది.

గంట మోగని ఆదివారం నాకు ఫోన్ చేసింది అతనే. ఇది రాయమన్నదీ అతనే. "నా కోసం మూసిపెట్టింది. ఇగ ఆమెనే లేదు, మూసుడెందుకు సారూ" అన్నాడు. అతని ఊరి పేరూ, అతని పేరూ రాయనని నేనే చెప్పాను. ఆమె రాయనివ్వని పేరు నేను రాయలేను.

మొన్న ఆమె సమాధికి రాయి పెట్టారు. మొదటి వరుసలో ఆమె పేరు, రెండో వరుసలో భర్త పేరు. ఆయన అసలు పేరు రాతి మీదికి ఎక్కడం ఇదే మొదటిసారి. మేస్త్రీ పని ముగించి వెళ్లాక, అక్షరాల్లో సిమెంటు పొడి మిగిలింది. కోటగిరి అతను మోకాళ్ల మీద కూర్చుని తువ్వాలతో తుడవడం మొదలుపెట్టాడు. మొదటి వరుస తొందరగానే అయింది. రెండో వరుస దగ్గర ఆగి, ఒక్కో అక్షరం చిటికెన వేలితో గీకి, ఊది, మళ్లీ తుడిచాడు. వెనక చర్చిలో సాయంత్రం ప్రార్థన గంట మోగింది. కొత్తగా ఎవరికో ఆ పని అప్పగించారు. నేను వాచీ చూసుకున్నాను. రెండు నిమిషాలు ముందే కొట్టారు.