మగ్గాల ఇంటి గొంతు

నా గొంతు పెద్దది. దానికి నేనేమీ సిగ్గుపడను. నగరిలో మరమగ్గాల ఇంట్లో పుట్టిన వాళ్ళెవరి గొంతైనా ఇంతే. మా ఇంటికి ఆనుకునే షెడ్డు ఉంటుంది. పొద్దున్నే మగ్గాలు మొదలయ్యాయంటే పక్కనున్న మనిషి మాట కూడా అరిస్తే తప్ప వినపడదు. అరిచే ఓపిక లేనప్పుడు ఊరికే పెదాలు కదిపితే చాలు, అవతలివాళ్ళు చూసి అర్థం చేసుకుంటారు. ఏ కూర వండాలి, పోగు ఎక్కడ తెగింది, ఎదురింటావిడ దేనికి అలిగింది, అన్నీ మాకు పెదాల మీదే తెలిసిపోతాయి. ఎవరూ నేర్పలేదు. నడక వచ్చినట్టే వచ్చింది.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం చేస్తానని పట్టుబట్టాను. నాయనకు పెద్దగా ఇష్టం లేదు. మగ్గం దగ్గర నిలబడే మనిషి దొరక్క ఆయన అవస్థ ఆయనది.

“సూస్తాం పాపా. రాకుంటే మాత్రం గమ్మున వచ్చి షెడ్డులో నిలబడాల,” అన్నాడు.

షెడ్డు పనంటే నాకు చిన్నచూపేమీ లేదు. కానీ పొద్దున్నే బస్సెక్కి పనికి పోవాలని, నా జీతం నా చేతికే రావాలని చచ్చేంత ఆశ ఉండేది.

మొదటి ఇంటర్వ్యూ పుత్తూరులో ఒక ప్రైవేటు బడిలో. ప్రిన్సిపాల్ గదికి, ఒకటో తరగతికి మధ్య పల్చటి చెక్క అడ్డం ఉంది. నేను గుమ్మంలో నిలబడి “గుడ్ మార్నింగ్ మేడమ్” అన్నాను. అటుపక్క పిల్లలంతా దబదబా లేచి “గు...డ్ మార్నింగ్ టీచర్” అని రాగం తీశారు. ప్రిన్సిపాల్ నన్ను కూర్చోమంది. నేను “థ్యాంక్యూ మేడమ్” అన్నాను. “థ్యాంక్యూ టీచర్” అంటూ వాళ్ళూ కూర్చున్నారు. నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం ముఖం మాడ్చుకుని, “ఇది సంత కాదమ్మా” అంది. ముఖం కూడా చూడని మనిషి మాటకు తరగతి మొత్తం లేచి నిలబడితే, అంతకన్నా పంతులమ్మకు ఏం కావాలి? ఆ మాట అక్కడే అడిగాను. ఉద్యోగం అక్కడే పోయింది.

రెండోది తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో, రిసెప్షన్ పని. ఈసారి అమ్మ పూనుకుంది.

“మే, దేవుని ముందర మొక్కుకుంటారే, అట్ల మాట్లాడల్ల,” అని వారం పాటు నా వెంట పడింది. నేను మెల్లగా మాట్లాడి చూపిస్తే, “ఏమంటివి?” అని వంటింట్లోంచి తనే అరిచేది.

లాడ్జి మేనేజరు పెద్దాయన. తల మీద ఫ్యాను గరగరమంటోంది. ఆయన అడిగినవాటికి నేను మొక్కుకుంటున్నట్టే జవాబులు చెప్పాను. ఆయన ముందుకు వంగాడు. ఇంకా వంగాడు. చివరికి జాలిగా చూసి, ‘టిఫిన్ తిన్నావా’ అని చేత్తో సైగ చేసి అడిగాడు. నాకు మాటలు రావనుకున్నాడు!

“వస్తాయి సార్! బాగా వస్తాయి!” అన్నాను, ఉక్రోషం ఆపుకోలేక.

ఆయన చేతిలో పెన్ను కింద పడింది. సోఫాలో నిద్రపోతున్న గుండు యాత్రికుడొకడు ఉలిక్కిపడి లేచి “గోవిందా!” అని దండం పెట్టాడు. నేనూ ఆయనకొక దండం పెట్టి బయటికి వచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే నాయన నవ్వలేదు. “ఇంగ ఒక్కటే పాపా. అదీ రాకుంటే షెడ్డే,” అన్నాడు. ఆయన అంటే అన్నట్టే.

ఆ ఒక్కటీ తిరుపతిలో కొత్తగా తెరుస్తున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ముందు కౌంటర్లో కూర్చునే పని. వరండా నిండా అమ్మాయిలే. నా పక్కనున్నామె పులికాట్ వైపు పల్లె నుంచి వచ్చిందట. చంటిబిడ్డను అత్త దగ్గర వదిలి తెల్లారకముందే బయలుదేరింది. ఇంకా ఏమీ తినలేదు. “ఈ పనొస్తే బాగుండునక్కా,” అని రెండు మూడుసార్లు అంది.

లోపల ఒకావిడ, ఇద్దరు మగవాళ్ళు. మధ్యాయన “మీలో ఉన్న లోపం ఏంటి?” అని అడిగాడు. గొంతు తగ్గించుకుని ఏదో చెబుతున్నాను. ఇంతలో చివరనున్నాయన ఆవిడ వైపు తిరిగి, చప్పుడు లేకుండా పెదాలు కదిపాడు. నాకు చదవాలనే లేదు. కళ్ళ ముందు కదిలితే ఎలా ఆగుతాను?

‘ఇది డాక్టరు మరదలికి ఇచ్చేసినారు గదా. తలా రెండు ప్రశ్నలడిగి పంపించేద్దాం.’

నాకు ఒళ్ళు మండిపోయింది. గమ్మున లేచి వచ్చేయొచ్చు. కానీ బయట తిండి లేకుండా కూర్చున్న ఆ మనిషి గుర్తొచ్చింది.

“సార్, డాక్టరు మరదలికి ఇచ్చేసినాక మమ్మల్నెందుకు పిలిచినారు?”

“ఎవరు చెప్పినారు నీకు?” అన్నాడు చివరనున్నాయన.

“మీరే సార్. ఇప్పుడే, ఆ మేడంతో అన్నారు గదా.”

ఆయన గబుక్కున చేత్తో మూతి మూసుకున్నాడు. తర్వాత బల్ల మీది ఫోను తిప్పి తిప్పి చూశాడు. ఆవిడ మాత్రం నా మీదికి వచ్చింది. “మెల్లగా మాట్లాడమ్మా, బయటికి వినపడుతుంది!”

వినపడటమే కదా నాక్కావలసింది. తలుపు బార్లా తెరిచి, మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడుతుంటే ఎంత గొంతు కావాలో అంత గొంతూ తీశాను.

“అక్కల్లారా! ఈడ ఉద్యోగం లేదు! ముందే ఇచ్చేసినారు! మనల్ని ఊరికే కూర్చోబెట్టినారు!”

రోడ్డవతల మందుల కొట్టు ముందున్న జనం కూడా తిరిగి చూశారు. పులికాట్ ఆమె లేచింది. బయటికి పోతుందనుకున్నాను. నేరుగా లోపలికే వచ్చి, “నిజమేనా సార్?” అని అడిగింది. ఆమె వెనక మిగతావాళ్ళందరూ వచ్చారు. ముగ్గురూ బల్ల మీది కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

ఆ పౌరుషం నగరి బస్సు ఎక్కేదాకానే. బస్సులో దిగులు పట్టుకుంది. ఆఖరి అవకాశం నా నోటితో నేనే పోగొట్టుకున్నాను. అలాగని చేసింది తప్పని మాత్రం ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

షెడ్డులోకి పోయేసరికి నాయన తెగిన పోగు ముడి వేస్తున్నాడు. ‘ఏమాయ?’ అని కళ్ళతోనే అడిగాడు. రాలేదని చెప్పి, ఎందుకు రాలేదో కూడా మగ్గాల మోత మీద అరిచి చెప్పాను. కండెలకు నూలు చుడుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

నాయన చేతిలో పోగు వదిలేశాడు. పోయి మగ్గాలు ఒక్కొక్కటే ఆపేశాడు. పట్టపగలు, కరెంటు ఉండగా, ఆయన అలా ఆపడం నేనెప్పుడూ చూడలేదు. షెడ్డు నిశ్శబ్దమైతే నాకు భయం వేసింది.

“ఇంగొకసారి చెప్పు,” అన్నాడు.

మళ్ళీ మొదట్నించీ చెప్పాను. మోత లేని షెడ్డులో నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

“మెల్లగా మే, వీధంతా ఇంటాది,” అంది అమ్మ.

“ఇననీ,” అన్నాడు నాయన. నా వైపు తిరిగి, “తర్వాతి ఇంటర్వ్యూ యాడ ఉండాది?” అని అడిగాడు.